గాటు పడ్డ తుపాకీ

టప్!

బైక్ కుడి అద్దం ఎగిరిపోతుంది.

కార్పొరల్ నవోయి తల హ్యాండిల్ మీదకి వంచేస్తుంది. వెనక్కి చూడదు. చూడాల్సిన పని లేదు. తరుముకొస్తున్నది తన స్టేషన్ జీపే. కాలుస్తున్నది ఈ పొద్దున తనతో కలిసి టీ తాగిన కానిస్టేబుళ్ళే!

పదకొండు దాటింది. ఎండ మాడు పగలగొడుతోంది. ఎండిపోయిన వాగులో బైక్ అడ్డదిడ్డంగా జారుతోంది. ఇసుక... రాళ్ళు... మళ్ళీ ఇసుక!

వెనక సీట్లో అపలోరెంగ్ తాత. ఆ పేరుకి అర్థం ఎర్రెద్దు తండ్రి. ఈ మైదానంలో మగాడి పేరు వాడి ఎద్దుని బట్టే వస్తుంది. తాతకి డెబ్బై దాటాయి. ఒక చేతిలో కూర్చునే చిన్న చెక్కపీట. చంకలో మేకతోలు చుట్టిన పొడవాటి మూట.

మూటలో తుపాకీ.

"ఇదేం బండే తల్లీ! నా ముసలెద్దు దీనికంటే నయంగా పరిగెడుతుంది!"

"గట్టిగా పట్టుకో తాతా!"

"దేన్ని? నిన్నా, మూటనా, పీటనా? నాకున్నవి రెండే చేతులు!"

"పీట వదిలెయ్!"

"వదిలేస్తే? అంత దూరం నుంచి వచ్చిన ఆడమనిషి ముందు నేల మీద కూర్చోవాలా?"

టప్! టప్!

ముందున్న ఇసుక రెండు చోట్ల చిమ్ముతుంది.

నవోయి గడియారం చూస్తుంది. పదకొండూ ఇరవై. ఇంకా నలభై నిమిషాలు.

పన్నెండింటికి లోకపెరు మైదానంలో రాయబారి మేడమ్ కాగడా అంటిస్తుంది. ఎనభై నాలుగు తుపాకుల గుట్ట భగ్గుమంటుంది. సముద్రం అవతలి దేశం డబ్బిచ్చి చేయిస్తున్న శాంతి పండుగ అది. ఫొటోలు తీస్తారు. చప్పట్లు కొడతారు. ఎనభై నాలుగూ కాలిపోయాయని కాగితం మీద సంతకాలు పెడతారు.

ఆ తర్వాత ఎవడు అడిగినా ఒకటే జవాబు... బూడిద!

కానీ ఆ ఎనభై నాలుగులో ఒకటి ఇప్పుడు తాత చంకలో ఉంది.

గుట్టలో ఉండాల్సిన తుపాకీ ఇక్కడ ఎందుకుంది? మిగతావి ఎక్కడున్నాయి?

మంట లేచేలోపు అక్కడికి చేరాలి. అంతే!

రెండు నెలల కిందట మైదానం వాళ్ళు తుపాకులు అప్పగించారు. ప్రభుత్వం మాట మీద కాదు. రాయబారి మాట మీద అంతకన్నా కాదు. నవోయి మాట మీద. ఆమె వాళ్ళ పిల్ల. "ముందు మీరివ్వండి, తర్వాత కొండ వాళ్ళవీ తీసుకుంటాం, ఇక మీ మీదకి ఎవరూ రారు" అని ఊరూరూ తిరిగి చెప్పింది.

ఐదు రోజుల కిందట కొండ వాళ్ళు వచ్చారు. తుపాకులతో!

తాత కొడుకు ఎకాల్ చేతిలో ఈటె ఒక్కటే ఉంది.

ఎకాల్ లేడు. నూట ఎనభై పశువులు లేవు. అధికారుల కాగితంలో మాత్రం ఒక్క ముక్క రాశారు... చిన్న సంఘటన అని. వేడుక తేదీ మార్చడం కుదరదన్నారు. రాయబారి విమానం టికెట్టు ముందే కొన్నారట!

ఆ దాడిలో ఒక దొంగని మాత్రం ఈటెలతో పడగొట్టారు. వాడి తుపాకీ ఇది. ఈ పొద్దున తాత దాన్ని నవోయి కాళ్ళ ముందు పడేశాడు.

"చదువు" అన్నాడు.

ఉక్కు మీద నెంబర్ లేదు. రాయబారి దేశం పంపిన యంత్రంతో ప్రతి తుపాకీకీ నెంబర్ కొట్టింది నవోయే. ఆ చోట ఎవరో అరగదీసేశారు. తళతళ మెరుస్తోంది.

కానీ తుపాకీ మడమ చెక్కది. చెక్క మీద తాత మంద వాత ఉంది. ఎర్రగా కాల్చిన ఇనుముతో పెట్టిన వంకర కొమ్ము గుర్తు. దాని పక్కనే... కత్తితో కోసిన గాటు!

ఆ గాటు నవోయిదే.

పశువు ఒక మంద నుంచి ఇంకో మందకి వెళ్తే, తీసుకున్నవాడు దాని చెవికి తన గాటు పెట్టాలి. లేకపోతే ఇచ్చినట్టు కాదు. ఆ రోజు తాత పట్టుబట్టాడు. "నెంబర్లు మాకెందుకు? తుపాకీ కూడా మందలోదే. తీసుకుంటున్నది నువ్వు. గాటు పెట్టు" అన్నాడు. ఎనభై నాలుగు మడమలకీ తన తండ్రి మంద గాటు పెట్టింది నవోయి. సాయంత్రానికి చేతికి బొబ్బలు లేచాయి. ఏ కాగితంలోనూ ఆ సంగతి లేదు.

నెంబర్ అరగదీసినవాడికి ఆ గాటు కనిపించలేదు. కనిపించినా అర్థం కాలేదు!

చూడగానే ఎకిడోర్ అన్నకి ఫోన్ చేసింది. శాంతి ఆఫీసు నడిపేది అతనే. మైదానం వాడే. నలుగురు కొడుకుల్లో ముగ్గుర్ని పశువుల వెంట తోలి, ఒక్కణ్ణి బడికి పంపితే... ఆ ఒక్కడు. రాయబారికి ఇంగ్లీషులో అన్నీ అతనే చెబుతాడు.

"ఎవరికీ చూపించకు. నేరుగా నా దగ్గరికి తీసుకురా" అన్నాడు.

పావుగంటలో జీప్ వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ముసెంబి జీప్!

ఫోన్‌లో మాట్లాడేటప్పుడు పక్కన కానిస్టేబుల్ ఉన్నాడు. వాడే ఊదేసి ఉంటాడు!

ముందు చక్రం రాయిని గుద్దుతుంది.

బైక్ గాల్లోకి లేస్తుంది. ఇద్దరూ ఇసుకలో పడతారు!

నవోయి నోట్లో ఇసుక. మోచేయి చీరుకుపోయింది. తల ఎత్తి చూస్తుంది. జీప్ మలుపు తిరుగుతోంది. రెండు వందల అడుగులు. అంతకన్నా ఎక్కువ ఉండదు.

తాత అప్పటికే మూట విప్పేశాడు.

"ఇందులో మూడు గుండ్లున్నాయి. కాల్చు!"

"వద్దు!"

ఆమె దగ్గర వేరే ఆయుధం లేదు. పండుగ పూట మర్యాద కాదంటూ ముసెంబి నిన్ననే ఆమె తుపాకీ జమ చేయించుకున్నాడు. నవోయి తాత చేతిలోంచి రైఫిల్ లాక్కుంటుంది. గుండ్లు మూడూ తీసి జేబులో వేసుకుంటుంది.

తాత నోరు తెరిచి చూస్తాడు. "తరుముకొస్తుంటే గుండ్లు తీస్తావేమే? పోలీసుల్లో ఇదే నేర్పారా?"

"ఇది సాక్ష్యం తాతా. సాక్ష్యం పేలకూడదు. మనం ఒక్క గుండు కాల్చినా, దొంగల్ని వేటాడామని రాసుకుని మనల్నీ తుపాకీనీ ఇక్కడే పాతిపెడతారు!"

బైక్ లేపుతుంది. కిక్... కిక్... స్టార్ట్ కాదు!

జీప్ వంద అడుగుల్లోకి వచ్చేసింది. ముందు సీట్లో ముసెంబి. నల్ల కళ్ళద్దాలు. చేతిలో పిస్తోలు.

తాత లేచి నిలబడతాడు. నలభై ఏళ్ళుగా తనతో తిరిగిన పీటని ఒకసారి చూసుకుంటాడు. చెయ్యి వెనక్కి లాగి... విసురుతాడు!

ఫటేల్!

జీప్ అద్దం సాలెగూడులా పగిలిపోతుంది. డ్రైవర్‌కి ముందేమీ కనపడదు. జీప్ పక్కకి కోసుకుపోయి ఒడ్డుకి గుద్దుకుంటుంది.

బైక్ స్టార్ట్ అవుతుంది!

"ఎక్కు తాతా! భలే కొట్టావ్!"

"కొట్టాను సరే. ఇప్పుడు నేల మీదే కూర్చోవాలి" అని తాత గొణుగుతాడు.

పదకొండూ ముప్పై ఐదు.

నవోయి పళ్ళు కొరుకుతుంది. ఆయుధాల గదికి రెండు తాళాలు. డబ్బిచ్చిన దేశం పెట్టిన షరతు. ఒక తాళంచెవి పోలీసు దగ్గర, ఒకటి శాంతి ఆఫీసు దగ్గర. ఒక్కడే తెరవలేకుండా. మరి ముసెంబి ఎలా తెరిచాడు?

పోయిన నెల ఎకిడోర్ అన్న అన్నాడు కదా... "నా తాళంచెవి రెండ్రోజులు కనపడలేదు నవోయీ, చివరికి సొరుగులోనే దొరికింది" అని. అదీ సంగతి! ముసెంబి కొట్టేసి ఇంకోటి చేయించుకున్నాడు!

"తాతా... ఈ సంగతి తేలకపోతే మనవాళ్ళు ఏం చేస్తారు?"



"నిన్న ఎవడో కొత్తవాడు వచ్చాడు. ఐదు ఆవులిస్తే ఒక తుపాకీ ఇప్పిస్తానన్నాడు. రేపటికల్లా చాలా వస్తాయట. మా కుర్రాళ్ళు ఆవుల్ని వేరు చేసి కట్టేశారు." ఆయన మూట గట్టిగా అదుముకుంటాడు. "ఆగమన్నాను. నీ మీద ఇంకొక్క పూట నమ్మకం ఉంచుదామన్నాను. ఒక్క పూటే నవోయీ."

ఎకాల్ మొహం ఆమె కళ్ళ ముందు మెదులుతుంది. తుపాకీ అప్పగించిన రోజు నవ్వుతూ అన్నాడు... "నువ్వు చెప్పావు కాబట్టి ఇస్తున్నానక్కా."

 యాక్సిలరేటర్ మెలితిప్పుతుంది.

లోకపెరు.

గుడారాలు. తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు. పెద్ద బ్యానర్. ఒక మూల మేకమాంసం కాలుతున్న పొగ. మధ్యలో తుపాకుల గుట్ట. డీజిల్ కంపు!

గుట్టకి ఎడమవైపు కొండ కుర్రాళ్ళు నలభై మంది వరసగా నిలబడ్డారు. ఈరోజు అప్పగించే వంతు వాళ్ళది. చేతుల్లో తుపాకులు నిటారుగా ఉన్నాయి. వాళ్ళ ముందు నాయకుడు లోమెరి. తలలో ఉష్ట్రపక్షి ఈక. కళ్ళల్లో పొగరు.

కుడివైపు మైదానం వాళ్ళు. చేతుల్లో కర్రలు. ఒక్కడూ నవ్వడం లేదు.

రాయబారి మేడమ్ చేతిలో కాగడా... అప్పటికే వెలుగుతోంది!

"ఆపండి!"

బైక్ జనంలోకి దూసుకొస్తుంది. కుర్చీలు ఎగిరిపడతాయి. ఇద్దరు కానిస్టేబుళ్ళు నవోయి చేతులు పట్టేసుకుంటారు.

"వదలండయ్యా! మన నవోయే!"

ఎకిడోర్. బూడిదరంగు కోటు. చేతిలో మైకు. పరిగెత్తుకుంటూ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేస్తాడు. నవోయికి ప్రాణం లేచొచ్చినట్టవుతుంది.

"తెచ్చావా?"

"తెచ్చానన్నా! ముసెంబి వెనకే వస్తున్నాడు. మేడమ్‌కి చెప్పు. మంట ఆపమను!"

"నేను చూసుకుంటా. అది ఇలా ఇవ్వు."

తుపాకీ అతని చేతిలో పెడుతుంది.

ముందు మాట్లాడాల్సింది పెద్దవాడు. అది పద్ధతి. తాత రాయబారి ఎదుటికి వెళ్ళి నిలబడతాడు. చేతిలో పీట లేదు. అయినా తల వంచడు.

"ఆ తుపాకీ నాది. మడమ మీది వాత నాది. రెండు నెలల కిందట ఈ పిల్ల చేతికి ఇచ్చాను. గాటు పెట్టి తీసుకుంది."

ఎకిడోర్ మైకు పక్కన పెట్టి మెల్లగా ఇంగ్లీషులో చెబుతాడు.

రాయబారి నవ్వుతుంది. తల ఊపుతుంది.

నవ్వుతుందేమిటి?

నవోయి ఇంకా ఆయాసపడుతోంది. చెవుల్లో హోరు. ఎకిడోర్ ఏం చెప్పాడో సరిగా వినలేదు.

"ఇదే తుపాకీ పట్టుకుని వచ్చి నా కొడుకుని చంపారు" అంటాడు తాత.  "మీరు కాల్చబోయేది ఏమిటో ముందు చూసుకోండి."

ఈసారి నవోయి చెవులు రిక్కిస్తుంది. పోలీసు ట్రైనింగ్‌లో నేర్చుకున్న ఇంగ్లీషు. అక్షరం అక్షరం వినిపిస్తుంది...

"ఈయన కొడుకు శాంతి కోసం ప్రాణమిచ్చాడట మేడమ్. ఆ కొడుకు గుర్తుగా ఈ తుపాకీని కూడా మంటలో వేయమంటున్నాడు. మీ చేత్తో త్వరగా వెలిగించమని వేడుకుంటున్నాడు."

నవోయి గిర్రున అతని వైపు తిరుగుతుంది.

ఎకిడోర్ అప్పటికే గుట్ట వైపు నడుస్తున్నాడు. చేతిలో తుపాకీ!

"అబద్ధం!"

ఇంగ్లీషులో అరుస్తుంది. మైదానం అంతా మారుమోగేలా.

"మేడమ్! అతను చెప్పేది అబద్ధం! తాత అన్నది అది కాదు!"

రాయబారి చెయ్యి గాల్లో ఆగిపోతుంది. కాగడా నుంచి నిప్పురవ్వ జారి నేల మీద పడుతుంది. గుట్టకి రెండడుగుల దూరంలో!

"మిస్టర్ ఎకిడోర్... ఏమిటిది?"

"ఈమె తుపాకీ దొంగ మేడమ్. పోలీసులు వెతుకుతున్నారు. అదిగో... వచ్చేశారు!"

పగిలిన అద్దంతో జీప్ వచ్చి ఆగుతుంది. ముసెంబి దూకుతాడు. నుదుటి మీద నెత్తురు. పిస్తోలు నేరుగా నవోయి మొహానికి.

"మోకాళ్ళ మీద కూర్చో కార్పొరల్!"

నవోయి కూర్చోదు.

"తాతా! గుట్టని తన్ను!"

తాత ఆలోచించడు. తోలు చెప్పు వేసుకున్న కాలితో ఒక్క తన్ను! పైన పేర్చిన తుప్పు తుపాకులు పది పన్నెండు జారిపోతాయి. వాటి కింద...

నీళ్ళ పైపులు!

ఇనప గొట్టాలు. పాత మంచం కోళ్ళు. ఒక సైకిల్ హ్యాండిల్.

జనం గొంతుల్లోంచి ఒక్కటే శబ్దం. కెమెరా పట్టుకున్న కుర్రది ఫొటో తీయడం మర్చిపోతుంది.

"లోమెరీ!" నవోయి కొండ వాళ్ళ వైపు తిరుగుతుంది. "నీ తుపాకీ తిప్పి చూడు! మడమ చూడు!"

"నాకు చెప్పడానికి నువ్వెవతెవే?" లోమెరి ఉమ్మేస్తాడు. కానీ కళ్ళు కిందకి వెళ్తాయి. అతనూ పశువుల వెనక పెరిగినవాడే. బొటనవేలు చెక్క మీద ఒక చోట ఆగిపోతుంది.

"ఇది... చెవిగాటు."

"ఎవరి గాటు?"

"మైదానం వాళ్ళది."

"నాది! మా నాన్న మందది! ఆ తుపాకీ నాకు అప్పగించారు. గదిలో పెట్టి తాళం వేశాను. నీ చేతికెలా వచ్చింది?"

లోమెరి తన వాళ్ళ వైపు చూస్తాడు. అతని వెనక ఒక్కొక్క తుపాకీ తిరుగుతోంది. ఒక్కొక్క బొటనవేలూ ఆగిపోతోంది. నలభైలో ముప్పై ఒకటి!

"ఒక్కోదానికి ఎన్ని ఆవులిచ్చావురా?" తాత అడుగుతాడు.

"ఐదు."

"నిన్న నన్నూ ఐదే అడిగారు. రేపు చాలా వస్తాయన్నారు. నువ్వు ఈరోజు దించేవే... రేపు నాకు అమ్ముతారు!"

లోమెరి మొహంలో పొగరు కరిగిపోతుంది. దాని చోట ఇంకేదో వస్తుంది. మెల్లగా ఎకిడోర్ వైపు తిరుగుతాడు.

"మైదానం వాళ్ళ దగ్గర ఏమీ లేదు, నువ్వు ధైర్యంగా అప్పగించెయ్ అన్నావు. నిన్ననేగా అన్నావు! మమ్మల్ని ఖాళీ చేతులతో నిలబెట్టి... వీళ్ళకి అమ్ముతావా?"

"గాట్లేంటి, పిచ్చి మాటలేంటి!" ఎకిడోర్ గొంతు కీచుమంటుంది. "లారీలో గీసుకుపోయి ఉంటాయి!"

తాత నవ్వుతాడు. ఐదు రోజుల తర్వాత మొదటి నవ్వు. అందులో సంతోషం లేదు.

"అన్నీ ఒకే చోట గీసుకుపోయాయా? ఒక్క పూటైనా పశువుల వెంట తిరిగి ఉంటే తెలిసేదిరా నీకు! నెంబర్ అరగదీశావు. పేరు వదిలేశావు!"

ఎకిడోర్ కళ్ళు అటూ ఇటూ పరిగెడతాయి. ఒక్క క్షణం...

చేతిలో తుపాకీ గిర్రున తిరుగుతుంది. ఒక్క అంగలో వచ్చి గొట్టం నవోయి గుండెకి ఆనిస్తాడు!

"నీ మూలంగానే!"

ట్రిగ్గర్ నొక్కుతాడు.

క్లిక్.

ఇంకోసారి... క్లిక్!

నవోయి జేబులోంచి చెయ్యి తీసి గుప్పిట విప్పుతుంది. చెమటకి తడిసిన మూడు గుండ్లు.

"సాక్ష్యం పేలదన్నా."

లాగి చెంప మీద ఒక్కటిస్తుంది! ఎకిడోర్ పైపుల మీద పడతాడు. కొండ వైపు నలభై తుపాకులు ఒక్కసారి లేస్తాయి.

"కాల్చకండి!" నవోయి అడ్డంగా నిలబడుతుంది.   "నాకూ చంపాలనే ఉంది! మీ అందరికంటే ఎక్కువ ఉంది! కానీ వీడు బతికుంటేనే నిజం బతుకుతుంది!"

ముసెంబి పిస్తోలు దించుతాడు. నిట్టూరుస్తాడు. బేడీలు తీసి ఎకిడోర్ చేతులు వెనక్కి విరిచి తగిలిస్తాడు.

"నువ్వు తుపాకీ ఎత్తుకుపోయావని వీడే ఫోన్ చేశాడు కార్పొరల్. నమ్మాను. నా తప్పే" అంటాడు. "మంచి పని చేశావు."

నవోయి అతని కళ్ళల్లోకి చూస్తుంది. నల్ల కళ్ళద్దాలు. ఏమీ కనపడదు.

రాయబారి కాగడాని ఇసుకలో గుచ్చుతుంది. "ఇతన్ని రాజధానికి పంపించండి. మా వాళ్ళే విచారణ చేస్తారు" అంటుంది.

ఆ మాట వినగానే ఎకిడోర్ తల ఎత్తుతాడు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. చెంపలు తడిసిపోయాయి. మైదానం మాటల్లోనే అరుస్తాడు...

"నేనొక్కణ్ణేనా? నన్నొక్కణ్ణే పంపుతారా? గదికి రెండు తాళాలున్నాయి నవోయీ! నా తాళంచెవి ఎప్పుడూ పోలేదు! రెండో తాళం ఎవడు..."

ఢాం!

ఎకిడోర్ మాట అక్కడే తెగిపోతుంది. మనిషి పక్కకి ఒరిగిపోతాడు.

ముసెంబి పిస్తోలు నుంచి సన్నగా పొగ.

"పారిపోబోయాడు" అంటాడు నింపాదిగా. "అందరూ చూశారు."



"చేతులకి బేడీలున్నాయి సార్" అంటుంది నవోయి.

"చివర్లో ఏమన్నాడు?" రాయబారి ముందుకొస్తుంది. "అతను ఏమన్నాడు? ఎవరైనా చెప్పండి!"

చెప్పేవాడు నేల మీద పడి ఉన్నాడు.

నవోయి ఊపిరి పీలుస్తుంది. ఇంగ్లీషులో... మెల్లగా... ఒక్కో మాటా విడగొట్టి చెబుతుంది.

"రెండు తాళాలు అన్నాడు మేడమ్. మీరు పెట్టిన షరతే. ఒక్కడే తెరవలేడు. తెరవాలంటే ఇద్దరూ దొంగలు కావాలి."

రాయబారి చూపు ముసెంబి నడుము మీదకి వెళ్తుంది. బెల్టుకి వేలాడుతున్న ఇత్తడి తాళంచెవి మీదకి.

ముసెంబి పిస్తోలు లేస్తుంది. నవోయి నుదుటికి గురి.

ఆమె చేతిలో మూడు గుండ్లు. తుపాకీ ఎక్కడో పైపుల మధ్య. టైము లేదు!

ఢాం!

నవోయి కళ్ళు మూసుకుపోతాయి.

తెరుస్తుంది.

నిలబడే ఉంది.

ముసెంబి మోకాళ్ళ మీద ఉన్నాడు. మణికట్టు పట్టుకుని అరుస్తున్నాడు. పిస్తోలు ఇసుకలో పడింది.

ఇరవై అడుగుల అవతల లోమెరి. భుజానికి ఆనించిన తుపాకీ ఇంకా దించలేదు.

కానిస్టేబుళ్ళు తుపాకులెత్తుతారు.

"దించండి!" నవోయి గర్జిస్తుంది. "పొద్దున నా మీద కాల్చింది చాలదా మీకు? దించండిరా!"

దించుతారు.

లోమెరి నడిచి వస్తాడు. మడమ మీది గాటు బొటనవేలితో తడుముతాడు.

"గాటు నీది. అందుకే ఈ తుపాకీ నీ వైపు నిలబడింది" అంటాడు. "అంతమాత్రాన ఇస్తాననుకోకు. మళ్ళీ ఆ గదిలోకేనా? ఈసారి తాళంచెవులు ఎవడి చేతిలో పెడతావు?"

నవోయి వంగుతుంది. ముసెంబి బెల్టు నుంచి తాళంచెవి తెంపుతుంది. ఎకిడోర్ మెడలోని గొలుసు నుంచి రెండోది లాగుతుంది.

ఒకటి తాత చేతిలో పెడుతుంది.

రెండోది... లోమెరి ముందుకి చాపుతుంది!

"ఆగు!" రాయబారి ఉలిక్కిపడుతుంది. "అది కుదరదు. నియమాల ప్రకారం అధికారుల దగ్గరే..."

నవోయి గిర్రున తిరుగుతుంది. రెండు నెలల కోపం, ఐదు రోజుల కోపం... అంతా గొంతులోకి వస్తుంది.

"రెండు తాళాలు పెట్టారు మేడమ్. చాలా మంచి ఆలోచన! రెండూ కోట్లు వేసుకున్నవాళ్ళకే ఇచ్చారు. మీరు వినాలనుకున్నదే వాళ్ళు చెప్పారు. మేము పూడ్చిపెట్టిన మనుషులు మీకు చిన్న సంఘటన అయ్యారు! ఇక మీ పైపులు మీరు తీసుకెళ్ళండి. గది మాది!"



తాత లోమెరి మొహంలోకి చూస్తున్నాడు. తాళంచెవి పట్టుకున్న పిడికిలి బిగుసుకుపోయి ఉంది.

"నా కొడుకుని చంపిన చేతులు నీవి. నీ చావు చూసేదాకా నాకు నిద్ర పట్టదు."

"తెలుసు ముసలోడా."

లోమెరి రెండో తాళంచెవి అందుకుంటాడు. భుజం మీది తుపాకీ దించి నవోయి కాళ్ళ ముందు పడేస్తాడు.

"అందుకే నీ చేతిలో తాళం ఉంటే నాకు నమ్మకం. చచ్చినా నువ్వు నాకు తుపాకీ అమ్మవు."